ఖాళీ మ్యాగజైనే కదా అనుకున్నాం



ఈ పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. మేం ఐదుగురం కలిసి రాస్తున్నాం, అందుకే అంతా ‘మేము’ అనే ఉంటుంది. అందరం ఏజెన్సీలో డిగ్రీ చదువుతున్నవాళ్ళం, ఎన్‌సీసీ కేడెట్లం. ఇద్దరం అమ్మాయిలం, ముగ్గురం అబ్బాయిలం. ఎవరి ఊళ్ళో జరిగింది, ఏ స్టేషన్ అన్నది కావాలనే రాయడం లేదు.

మ్యాగజైన్ అంటే మనలో చాలామందికి కాంపిటీటివ్ పరీక్షలకి చదివే కరెంట్ అఫైర్స్ పుస్తకం. మేం చెప్పేది రైఫిల్‌కి కింద తగిలించే ఇనప డబ్బా గురించి. గుళ్ళు అందులోనే పెడతారు. లోపల ఒక స్ప్రింగు, దాని మీద ఒక చిన్న పలక ఉంటాయి. స్ప్రింగు పలకని పైకి తోస్తుంది, పలక గుండుని తోస్తుంది. డబ్బా పైఅంచులు రెండు వైపులా లోపలికి వంగి ఉంటాయి, వాటిని పెదవులు అంటారు. గుండు ఎగిరి పోకుండా పట్టుకునేవి అవే. అంతకుమించి అందులో ఇంకేం లేదు.

పోయిన ఏడాది పది రోజుల క్యాంపులో మా ఐదుగురికీ కోత్‌లో డ్యూటీ పడింది. కోత్ అంటే ఆయుధాలు పెట్టే గది. రెండు ట్రంకుపెట్టెల నిండా పాత మ్యాగజైన్లు, వేరే యూనిట్ నుంచి మిగులు కింద వచ్చినవి. ఒకదాంట్లో ఫైరింగ్‌కి వాడే .22 రైఫిళ్ళవి, రెండోదాంట్లో డ్రిల్లు చేసే ముసలి .303లవి. మూత తీస్తే తుప్పు వాసన, ఎండిపోయిన ఆయిల్ వాసన. ఉస్తాద్ హవల్దార్, తెలుగు కొంచెం కొంచెం వస్తుంది. “వీటిలో బతికినవి ఏవి, చచ్చినవి ఏవి, సాయంత్రానికి నాకు చెప్పాలి” అన్నారు.

మాకు చిన్నతనం అనిపించింది. మిగతావాళ్ళు ఫైరింగ్ ప్రాక్టీసుకి పోతుంటే మేం గుడ్డపీలికలు పట్టుకుని కూర్చున్నాం. కానీ ఆ పని మాకు చాలా నేర్పింది. అందుకే వివరంగా రాస్తున్నాం, బి సర్టిఫికెట్, సి సర్టిఫికెట్ పరీక్షలకి పోయేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

మొట్టమొదట చేసేది తుడవడం కాదు, ఖాళీగా ఉందా లేదా చూడటం. ప్రతి ఒక్క మ్యాగజైన్‌లో పలకని వేలితో నొక్కి చూడాలి, పక్కనున్న వాళ్ళకి కూడా చూపించాలి. ఖాళీ అని నోటితో అంటే సరిపోదని ఉస్తాద్ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

తర్వాత విప్పడం. .303 మ్యాగజైన్‌లో పది గుళ్ళు పడతాయి. దాని పలకని వెనకవైపు గట్టిగా కిందికి నొక్కితే ముందు కొస పెదవుల కింద నుంచి బయటికొస్తుంది. దాంతోపాటే స్ప్రింగు కూడా వచ్చేస్తుంది. ఇది గుండ్రంగా చుట్టిన స్ప్రింగు కాదు, రేకు పట్టీని అటూ ఇటూ మడిచినట్టుంటుంది. ఏ వైపు పైకి ఉందో విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి బిగిస్తే పలక ఒక పక్కకి ఒరిగిపోతుంది.

తర్వాత శుభ్రం చేయడం. .22 గుళ్ళకి మైనం లాంటి పూత ఉంటుంది. అది, కాలని మందు పొడి, దుమ్ము కలిసి డబ్బా లోపల నల్లటి జిడ్డు కడతాయి. పాత టూత్‌బ్రష్షుతో గీకి, చిందీతో తుడిచాం. చిందీ అంటే ఫ్లానెల్ గుడ్డపీలిక. తుప్పు పట్టినవాటికి ఆయిల్ రాసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు గోనెగుడ్డతో రుద్దాం. మాలో ఒకడు పెదవుల మీద ఉప్పుకాగితం పెట్టబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపేశారు. అక్కడ ఇనుము అరిగితే గుండు లేచే కోణం మారిపోయి రైఫిల్‌లో ఇరుక్కుంటుందట. చివరికి పల్చగా ఆయిల్ పూసి, దాన్ని కూడా పొడిగుడ్డతో తుడిచేయాలి. లోపల తడిగా వదిలేస్తే దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది, ఆయిల్ గుండులోకి దిగితే అది పేలకపోవచ్చు కూడా.

ఆఖరున పరీక్ష. ఉత్తుత్తి గుళ్ళు పెట్టి ఒక్కొక్కటే తీశాం. పలక అడ్డం పడకుండా, తడబడకుండా పైకి రావాలి. .303 గుండుకి అడుగున అంచు ఉంటుంది. పైగుండు అంచు కిందిగుండు అంచుకి ముందుండేలా పేర్చకపోతే ఒకదానికొకటి తగులుకుంటాయి. ఇంకో సంగతి, .303లో ఏ రైఫిల్ మ్యాగజైన్ ఆ రైఫిల్‌దే. దానికి సరిపడేలా పెదవులు సరిచేసి ఉంటాయి, మార్చి పెడితే సరిగ్గా ఎక్కదు.

మొత్తం 38కి 31 బతికాయి, 7 చచ్చినవాటి కింద పోయాయి. మా చేతుల్లో తుప్పు వదిలి నల్లగా మెరుస్తుంటే గొప్పగా అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఆ సాయంత్రం లెక్క చూస్తే 37 వచ్చాయి. ఒకటి లేదు. ఖాళీ డబ్బాయే గదా అనుకున్నాం. ఉస్తాద్ మొహం మారిపోయింది. క్యాంపు మొత్తాన్ని ఫాల్ ఇన్ చేయించారు, అన్నం బెల్లు కొట్టలేదు. గంటసేపు వెతికితే మేం కూర్చున్న జంబుఖానా మడతలో దొరికింది. అప్పుడు రిజిస్టర్‌లో 38 వేసి, మాచేత సంతకాలు పెట్టించి, “ఇది ఒక్కటి తక్కువైతే దేశంలో ఎక్కడో ఒకటి ఎక్కువైనట్టు” అన్నారు. అప్పటికి మాకది అర్థం కాలేదు.

అసలు సంగతి ఇక్కడి నుంచి. ఎండాకాలం సెలవుల్లో మాలో ఒకడు ఇంటి జీడిమామిడి తోటలో రాళ్ళకుప్ప తీస్తుంటే తుప్పుపట్టిన ఇనప డబ్బా బయటపడింది. మామూలోడైతే పాత సామాను అనుకుని వదిలేసేవాడు. వీడు చూడగానే గుర్తుపట్టాడు, .303 మ్యాగజైన్. ఖాళీదే. తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. క్యాంపులో నేర్చిన చెయ్యి గదా, ఊరుకోలేదు. కిరసనాయిలు పోసి, గోనెగుడ్డతో రుద్ది, మెరిసేదాకా తుడిచాడు. అప్పుడు మా నలుగురికీ ఫోన్ చేశాడు.

సంతరోజు కలిసి మాట్లాడుకున్నాం. ఒకరు దాచుకుందాం అన్నారు, పితూరి కాలంనాటిది అయ్యుంటుంది, మన ముత్తాతలది అని. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకెళ్ళింది గదా అన్నారు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు వింటే మనందరికీ ఒళ్ళు పులకరిస్తుంది, మాకూ అంతే. కానీ తుప్పు చూసి వయసు చెప్పలేం. .303 రైఫిల్ స్వతంత్రం వచ్చాక కూడా దశాబ్దాలపాటు పోలీసుల చేతుల్లో ఉంది, ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020లో. మన కొండల్లో అది ఎవరి భుజం మీద నుంచైనా జారి ఉండొచ్చు.

ఇంట్లో తాతకి తెలిసింది. “ఏటర్రా ఇది? గెడ్డలో పారెయ్యండి. మనకెందుకొచ్చిన గొడవ” అన్నాడు. ఎందుకంత భయం తాతా అంటే అప్పుడు చెప్పాడు. ఆయన తమ్ముడు ఒకప్పుడు సంతలో టార్చిలైటు బ్యాటరీలు ఎక్కువ కొన్నాడని తీసుకెళ్ళి మూడు రోజులు కూర్చోబెట్టారట. తిరిగొచ్చాక ఇంకోవైపు వాళ్ళొచ్చి, లోపల ఏం చెప్పావని అడిగారట. “ఇటు సెప్తే అటోళ్ళకి కోపం, సెప్పకపోతే ఇటోళ్ళకి కోపం. గెడ్డకైతే కోపం రాదు” అన్నాడు. మాకు నోట మాట రాలేదు. ఆయన పడ్డది మేం పడలేదు.

గెడ్డలో పారేస్తే వానాకాలంలో ఇంకో ఊరి పిల్లాడికి దొరుకుతుంది. దాచుకుంటే ఏమవుతుందో తెలుసుకుందామని 1959 ఆయుధాల చట్టం చదివాం. రెండో సెక్షన్ ప్రకారం ఆయుధాల భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకి 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కానీ ఆ ఉద్దేశం మనకి లేదని చెప్పుకోవాల్సింది ఎక్కడ? పట్టుబడ్డాక, కోర్టులో, లాయర్‌కి డబ్బులిచ్చి. కొండ మీద పిల్లాడి ఇంట్లో తుడిచి మెరిపించిన మ్యాగజైన్ దొరికితే, ముందు ఆ సెక్షన్ తీసి చదివేదెవరు?

చివరికి కాలేజీలో మా ఎన్‌సీసీ సార్ దగ్గరికి పోయాం. సార్ కోప్పడలేదు. రెండు కాపీలు రాయించారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి దొరికింది, ఖాళీగా ఉంది, ఎన్నిరోజులు ఇంట్లో ఉంది, ఏం చేశాం. ఆ ఆఖరి ముక్క రాయడానికి మేం వెనకాడితే, “అదే ముందు రాయాలి” అన్నారు. సర్పంచ్, సార్, మేం ఐదుగురం కలిసి వెళ్ళాం.

స్టేషన్‌లో మొదటి ప్రశ్న అదే. “ఎందుకు తుడిచావు?” వాడు బిక్కచచ్చిపోయాడు. క్యాంపులో నేర్చుకున్నాను సార్ అన్నాడు. ఎవరికోసం తుడిచావు, మిగతా రైఫిల్ ఎక్కడ, అని అడుగుతూనే ఉన్నారు. పొద్దున్న పోతే చీకటి పడేదాకా కూర్చోబెట్టారు. కాపీ మీద ముద్ర వెయ్యమంటే తర్వాత రమ్మన్నారు. మళ్ళీ పోయాం, మళ్ళీ పోయాం. మూడోసారికి ముద్ర పడింది, కింద డైరీ నంబరు వేశారు. కొట్టలేదు, తిట్టలేదు, అది చెప్పాలి. కానీ సార్, సర్పంచ్ పక్కన లేకపోతే ఎలా ఉండేదో మాకు తెలుసు, మీకూ తెలుసు.

అప్పుడు ఉస్తాద్ మాట అర్థమైంది. కోత్‌లో ఒక్కటి తగ్గితే క్యాంపు మొత్తానికి అన్నం ఆగిపోయింది. అలా ఎక్కడో లెక్కలో తగ్గినది మన తోటలో రాళ్ళకింద పడి ఉంది, దాని లెక్క మన నెత్తిన పడింది. అదే తుడవడం కోత్‌లో చేస్తే శభాష్ అన్నారు, ఇంట్లో చేస్తే ఎందుకు చేశావన్నారు. సీతారామరాజు కూడా స్టేషన్లలో తీసుకున్నదాని లెక్క డైరీలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడంటారు. అంత పోరాటంలో ఉన్న మనిషే కాగితం విలువ మరిచిపోలేదు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మా అనుభవంతో చెప్తున్నాం. ఎన్‌సీసీలో చేరండి, కోత్ డ్యూటీ పడితే చిన్నతనం అనుకోకండి. కానీ పొలంలోనో అడవిలోనో ఇలాంటిది కనిపిస్తే ముట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు, తుడవద్దు. పక్కన ఇంకేం ఉందో, ఏది పేలుతుందో తెలియదు. చోటు గుర్తు పెట్టుకుని వెనక్కి రండి. ఒక్కరే స్టేషన్‌కి పోవద్దు. సర్పంచ్‌నో, సార్‌నో, పదిమందికి తెలిసిన పెద్దమనిషినో వెంటబెట్టుకుని, రెండు కాపీలు రాసుకుని పోండి. ముద్ర పడిన కాపీ లేకుండా తిరిగి రావొద్దు, ఎన్నిసార్లు తిప్పినా సరే.

ఆ రోజు ఇంటికొచ్చాక తాత ఒక్కటే అడిగాడు. “రసీదిచ్చారా?” ఇచ్చారు తాతా అని చూపించాం. ఆయనకి చదువు రాదు, ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తీసి, పోడు పట్టా ఉన్న ప్లాస్టిక్ కవరులోనే దీన్ని కూడా పెట్టి తాళం వేశాడు.

మీ ఊళ్ళల్లో ఇలాంటివి ఎదురై ఉంటే, ఊరి పేరు లేకుండానే రాయండి. మన వెనక వచ్చే పిల్లలకి తెలియాలి.

జై ఆదివాసీ.