బాణానికి కూడా రసాయన శాస్త్రం తెలియాలి

కర్బన రసాయన శాస్త్రంలో ఒక గీత తప్పుగా పడితే బొమ్మ చెడడంతో ఆగదు, పదార్థమే మారిపోతుంది. నిర్మాణ పటంలో ప్రతి గీతా ఒక బంధాన్ని, అంటే రెండు పరమాణువులను కలిపి ఉంచే ఎలక్ట్రాన్ జంటను సూచిస్తుంది; గీతలు కలిసే మూలలో అక్షరమేదీ రాయకపోతే, అది ఒక కార్బన్ పరమాణువే. ప్లాస్టిక్ అచ్చుపలకలతోనూ సిరా కలాలతోనూ ఇటువంటి పటాలు గీసే శ్రమను, 1985లో మాకింతోష్ కంప్యూటర్ల మీదికి వచ్చిన కెమ్‌డ్రా అనే సాఫ్ట్‌వేరు ఎంతగానో తగ్గించింది. తరవాత వచ్చిన కెమ్‌స్కెచ్, మార్విన్‌స్కెచ్, కెచర్ వంటివి కూడా బంధాల పొడవునూ కోణాలనూ సరిచేయడంలో ఆరితేరినవే.

అయితే ఈ నేర్పు అణువు దగ్గర ఆగిపోయి, చర్య దగ్గరికి వచ్చేసరికి చాలావరకు సన్నగిల్లుతుంది. చర్యలో ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతాయో చూపడానికి వంపు బాణాలు వాడతారు. రెండు రెక్కల మొన ఉంటే ఎలక్ట్రాన్ జంట, ఒకే రెక్క ఉంటే ఒక్క ఎలక్ట్రాన్ కదిలినట్లు అర్థం. బ్రోమోమీథేన్ మీద హైడ్రాక్సైడ్ అయాను జరిపే చర్యలో, ఆక్సిజన్ దగ్గరి ఒంటరి ఎలక్ట్రాన్ జంట నుంచి కార్బన్‌కు ఒక బాణం, కార్బన్–బ్రోమిన్ బంధం నుంచి బ్రోమిన్‌కు మరొక బాణం గీస్తే, మిథనాలూ బ్రోమైడ్ అయానూ ఏర్పడే తీరు ఆ రెండు వంపులలోనే తెలిసిపోతుంది. విద్యార్థి రెండో బాణం మరచిపోతే కార్బన్‌కు ఐదు బంధాలు పట్టినట్లవుతుంది. కార్బన్‌కు నేరుగా ఐదు గీతలు గీస్తే వెంటనే ఎరుపు గుర్తు చూపే సాఫ్ట్‌వేరు కూడా, అదే తప్పు బాణంలో దాగి ఉన్నప్పుడు తరచుగా మౌనం వహిస్తుంది. దాని దృష్టిలో ఆ బాణం కేవలం ఒక వంకర గీత. అణువులను భద్రపరచడానికి విస్తృతంగా వాడే మోల్‌ఫైల్‌లో పరమాణువులకూ బంధాలకూ చోటుంది గాని, వంపు బాణాలకు లేదు.

కాబట్టి మొదట కోరదగిన మెరుగుదల, బాణం తోకను ఎలక్ట్రాన్ జంటకో బంధానికో, మొనను అది చేరవలసిన పరమాణువుకో బంధానికో ముడివేయడం. మార్విన్‌స్కెచ్ ఈ దారిలో కొంత నడిచింది. ఆ ముడి ఉంటే అణువును పక్కకు జరిపినప్పుడు బాణం కూడా వెంట వస్తుంది. ఎలక్ట్రాన్ల లెక్క తప్పితే హెచ్చరిక కనిపిస్తుంది. లెక్క కుదిరితే తరవాతి నిర్మాణాన్ని సాఫ్ట్‌వేరే గీసి చూపగలుగుతుంది.

రెండో మెరుగుదల వెడ్జి బంధాలకు సంబంధించినది. కాగితం తలం నుంచి చూపరి వైపు వచ్చే బంధాన్ని నిండు త్రికోణంగానూ, వెనక్కి పోయే బంధాన్ని అడ్డుచారల త్రికోణంగానూ గీస్తారు. సన్నని కొన కైరల్ కేంద్రం దగ్గర, అంటే సాధారణంగా నాలుగు వేర్వేరు సమూహాలు కలిగిన కార్బన్ దగ్గర ఉండాలని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపాక్ 2006 నాటి సిఫారసులు చెబుతాయి. త్రికోణాన్ని తిరగేసి గీస్తే, కుడి ఎడమ చేతుల వలె పరస్పరం ప్రతిబింబాలైన రెండు అణువులలో ఏది ఉద్దేశించారో తేలదు. అటువంటి చోట సాఫ్ట్‌వేరు తనంతట దిద్దకుండా, గీసినవారిని అడగడమే మేలు, ఎందుకంటే వారి ఉద్దేశం దానికి తెలియదు.

మూడో మెరుగుదల భాషకు సంబంధించినది. మూలకాల సంకేతాలు ప్రపంచమంతటా ఒకటే అయినా, బాణం మీద రాసే ఉష్ణోగ్రత, ఉత్ప్రేరకం వంటి వివరాలనూ పరికరాల పేర్లనూ తెలుగు పాఠ్యపుస్తకాలు తెలుగులోనే అచ్చువేస్తాయి. అందువల్ల ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా నిలిచే, అక్షరాలు రాసే పెట్టె తెలుగులో బోధించేవారికి అలంకారం కాదు, అవసరం. కొత్త రంగులూ మెరుపు నీడలూ చేర్చే ముందు, ఇటువంటి సాధనాల రూపకర్తలు గీసిన ప్రతి గుర్తుకూ దాని అర్థాన్ని ముడివేయడం మీద దృష్టి పెట్టాలి. పటం తప్పయినప్పుడు ఆ సంగతి పరీక్షకుడి కంటే ముందు పనిముట్టే చెప్పగలగాలి.