రెండు ఊటల నీరు



తల్లి భాష యొకటి, తండ్రి భాష వేరొకటియైన యింట బిడ్డ పెరుగుచుండగా పెద్దలు ఒక మాట అనుచుందురు: "వీడు అటు వారికిని, ఇటు వారికిని కాకుండ పోవునేమో!" ఈ మాట మీ చెవినిబడియుండును. మీ హృదయములోనే ఆ భయముండిన, ఒక కథకుని జీవితమును మీ యెదుట నుంచగోరుచున్నాను.

అతని పేరు లాఫ్కాడియో హెర్న్. 1850లో గ్రీసుదేశపు ద్వీపమొకదానిలో జన్మించెను. తల్లి గ్రీకు స్త్రీ. తండ్రి ఐర్లండు దేశస్థుడు, బ్రిటిషు సైన్యములో వైద్యుడు. పసితనములోనే తల్లి దూరమాయెను, తండ్రియు విడిచిపోయెను. డబ్లిన్ నగరమున బంధువురాలైన ఒక వృద్ధురాలు అతనిని పెంచెను. చీకటి భయము మాన్పుటకై ఆ పసివానిని రాత్రులు ఒంటిగా గదిలో పరుండబెట్టిరి. భయము మానలేదు. అయితే కన్నాట్ ప్రాంతపు దాది యొకతె అతనికి దయ్యముల కథలు, యక్షిణుల కథలు చెప్పెడిది. అర్ధశతాబ్దమునకు తరువాత, 1901లో, కవియగు యేట్సుకు వ్రాసిన జాబులో సహితము అతడు ఆ దాదిని తలచుకొనెను.

పదునారవ యేట అతని యెడమకన్ను చెడెను. అమెరికాకు పోయి పత్రికలకు వ్రాసి పొట్ట పోసికొనెను. 1890లో జపాను చేరి, మత్సుయే పట్టణమున ఉపాధ్యాయుడై, కొయిజుమి సెత్సు అను సమురాయి వంశపు స్త్రీని వివాహమాడెను. 1896లో ఆ దేశపు పౌరుడై కొయిజుమి యాకుమో అను పేరు ధరించెను.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడి. జపాను గ్రంథములను అతడు తానై చదువుకొనజాలడు. భార్యయే పాత పుస్తకములు వెదకి చదివి, రాత్రి దీపము తగ్గించి, అతనికి కథ చెప్పెడిది. పుస్తకము చూచి చదివిన అతడు ఒప్పుకొనడు. ఆమె తన సొంత మాటలతో చెప్పవలెను. వారిద్దరి నడుమ భాష వచ్చీరాని జపాను భాష. భయము గొలుపు ఘట్టము వచ్చినప్పుడు అతని ముఖము పాలిపోయెడిది. ఆ కేక యే స్వరముతో వేసిరి, ఆ చెక్క చెప్పుల చప్పుడెట్లుండెను అని మరల మరల అడిగెడివాడు. దాది యొడిలో వినుట నేర్చిన చెవియే అది!

అట్లు వినిన కథలు గల "క్వైదాన్" అను గ్రంథము 1904లో వెలువడెను. అందులో హోయిచి యను గ్రుడ్డి గాయకుడు చనిపోయిన వీరుల యెదుట వారి యుద్ధకథనే పాడును. ఆ గ్రంథముననే ఒక చిన్న వ్యాసమున హెర్న్ తన బాల్యమును, గడ్డిలో యక్షిణుల వలయములను వెదకిన దినమును వర్ణించెను. ఒకదానిని మరియొకదానిలో కలిపివేయలేదు. రెంటికిని ఒకే పుస్తకమున చోటిచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో మరణించెను. నేటికిని హోయిచి కథను జపాను పిల్లలు తమదిగా చదువుకొనుచున్నారు.

మా కోడలు ఒరియా పిల్ల. మనుమనికి నేను ఏడు చేపల కథ చెప్పితిని. వాడు వెంటనే తల్లియొద్దకు పరుగెత్తి, చేపను "మాఛొ" యని మార్చి, తప్పక అంతయు చెప్పెను. "గడ్డిమేటు అడ్డము వచ్చిన చేపను ఇంకొక చోట ఎండబెట్టరాదా?" యని ఆమె అడిగినదట. ఆ ప్రశ్నను వాడు నాకు మోసికొని వచ్చెను. అరువది యేండ్లుగా ఆ కథ యెరిగిన నాకు అది తోచనేలేదు!

కావున, చదువరీ, మీ కోడలినో అల్లునినో వారి అవ్వ చెప్పిన కథ యొకటి చెప్పుమని అడుగుడి. పుస్తకము వలదు. మాట తడబడినను సరిదిద్దకుడి. ఆ కథ వినునప్పుడు బిడ్డను మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడి.