లాల్ ఖిలాలో గోరా బ్యారక్‌లు

ఢిల్లీ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలు ఎప్పుడైనా గమనించండి. లాహోరీ దర్వాజా ఉంటుంది, దీవాన్-ఎ-ఆమ్ ఉంటుంది, దీవాన్-ఎ-ఖాస్ పాలరాతి కమాన్ల కింద పిల్లలు నిలబడి ఉంటారు. నౌబత్ ఖానా దాటగానే ఎడమ చేతి వైపు కనిపించే మూడంతస్తుల పొడుగాటి ఇమారత్‌లు మాత్రం దాదాపు ఎవరి ఫొటోలోనూ ఉండవు. ఉన్నా వెనక ఎక్కడో సగం తెగిపోయి ఉంటాయి. అవి అంగ్రేజ్ సిపాయీల బ్యారక్‌లు. మనసుకు నచ్చని చుట్టాన్ని ఫొటోలోంచి తప్పించినట్టు తప్పిస్తాం.

తప్పించడానికి వజా ఉంది. షాజహాన్ 1648లో ఈ ఖిలాలోకి వచ్చినప్పుడు అక్కడ ఖాళీ జాగా అంటూ లేదు. దీవాన్‌లు, మహళ్లు, హరమ్ ఆంగనాలు, హయాత్ బఖ్ష్ బాగ్, దాని పక్కన మెహతాబ్ బాగ్, వాటి మధ్య పారే నహర్-ఎ-బహిష్త్. 1857 సెప్టెంబర్‌లో ఢిల్లీ పడిపోయాక కంపెనీ ఫౌజ్ లోపలికొచ్చింది. తర్వాతి ఏళ్లలో మహళ్లలో ఎక్కువ భాగాన్ని నేలమట్టం చేసి, ఆ జాగాలో ఈ బ్యారక్‌లు లేపారు. మిగిల్చిన వాటికీ ఇజ్జత్ దక్కలేదు. ముంతాజ్ మహల్‌ని జైలు చేశారు, తర్వాత సార్జెంట్ల మెస్ చేశారు. ఖిలా బయట జామా మస్జిద్‌ని కూడా ఫౌజ్ పట్టుకుని 1862 దాకా నమాజీలకు తిరిగివ్వలేదు.

ఈ పని చూసి కడుపు రగిలినవాళ్లలో ఒక అంగ్రేజే ఉన్నాడు. జేమ్స్ ఫెర్గూసన్, ఇమారత్‌ల తారీఖ్ రాసినాయన. 1876లో అచ్చయిన తన కితాబ్‌లో ఈ కూల్చివేతను తిట్టిపోశాడు. కూల్చింది ఒక ఎత్తు, కూల్చేముందు కనీసం ఒక నక్షా గీసుకోవాలని కూడా ఎవరికీ తోచకపోవడం ఇంకో ఎత్తు అని ఆయన గుస్సా. చివరికి తన దగ్గరున్న పాత దేశీ నక్షా ఒకటి ఆధారంగా పెట్టుకుని, ఏది ఎక్కడుండేదో చూపించాల్సి వచ్చింది.

ఇంత తెలిశాక కూడా నేను ఆ బ్యారక్‌ల ముందు చాలాసేపు నిలబడ్డాను. అందం కోసం కాదు. మొఘల్ చేతి నజాకత్ పక్కన అవి బియ్యం గోదాముల్లా ఉంటాయి. ఒకే కొలత కమాన్లు, వరస తర్వాత వరస. కానీ ఆ కమాన్ల వెనక భయం ఉంది. ఆ రోజుల్లో హిందుస్తాన్‌లో గోరా సిపాయీలు జంగ్‌లో కంటే కలరాతో, జ్వరాలతో ఎక్కువ చచ్చేవాళ్లు. దీని మీద వేసిన రాయల్ కమిషన్ 1863లో రిపోర్ట్ ఇచ్చింది. ఏటా వెయ్యి మందికి 69 మంది మౌత్ అని తేల్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆ లెక్కల మీద కూర్చుని పనిచేసింది. నేల మీంచి లేచే చెడు గాలే బీమారీ తెస్తుందని అప్పటి డాక్టర్ల నమ్మకం. అందుకే ఆ కాలం బ్యారక్‌లలో ఎత్తయిన కప్పులు, గాలి ఆడే పొడుగాటి హాళ్లు, ఎండ గోడకు తగలకుండా వరండాలు, పడకలు వీలైనంత పై అంతస్తులో. మొఘలులు ఎండను నీళ్లతో, జాలీలతో మచ్చిక చేసుకున్నారు. వీళ్లు దానికి దూరంగా పారిపోయి పైన పడుకున్నారు. మాలిక్‌లమని చెప్పుకున్నవాళ్ల ఇల్లది!

మా మామూకి ఈ మాటలు నచ్చలేదు. "మన బాద్షా ఇల్లు కూల్చి కట్టిన కొట్టాలు బేటా అవి. వాటికి హిఫాజత్ ఎందుకు? తీసేసి మళ్లీ బాగ్ వేస్తే పోయె" అన్నడు. ఆ మాట ఆయన ఒక్కడిదే కాదు, చాలామంది దిల్‌లో ఉంది.

"మామూ, బాగ్ వేస్తే అది మనం వేసిన బాగ్ అవుతుంది, షాజహాన్‌ది కాదు కదా" అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను. మన 1958 కట్టడాల చట్టం ఎవరు కట్టారని అడగదు. నూరేళ్లు దాటిందా, తారీఖ్‌కి పనికొస్తుందా అని చూస్తుంది. "ఇది పరాయివాడిది, కూల్చెయ్" అన్న దలీల్ చాలని మనమే ఒప్పుకుంటే, రేపు ఆ దలీల్ ఏ గుమ్మటం మీదికి, ఏ దర్గా మీదికి వస్తుందో మనకు వేరే ఎవరైనా చెప్పాలా? మామూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అది సరే, కానీ నా గుస్సా పోదు" అన్నడు. పోవాలని నేనూ అనలేదు.

కానీ ఆ గోడల్లో ఇంకో కథ కూడా ఉంది. 1858 జనవరిలో ఇదే ఖిలాలో, తన దీవాన్-ఎ-ఖాస్‌లోనే బహదుర్ షా జఫర్‌ని ముజ్రిమ్‌గా నిలబెట్టారు. అప్పుడు ఆయనకోసం గట్టిగా మాట్లాడేవాడు లేడు. ఢిల్లీ సగం ఖాళీ అయిపోయింది. 1945 నవంబర్‌లో ఈ ఖిలాలోనే, ఈసారి ఒక బ్యారక్ భవనంలో, ఆజాద్ హింద్ ఫౌజ్ అఫ్సర్ల ముకద్దమా మొదలైంది. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముసల్మాన్, ఒక హిందూ, ఒక సిక్కు, పక్కపక్కన. భూలాభాయ్ దేశాయ్ వకాలత్ చేశాడు, ఆసఫ్ అలీ, నెహ్రూ పక్కన కూర్చున్నారు. ముగ్గురికీ జీవితకాల ద్వీపాంతర శిక్ష వేశారు. 1946 జనవరి మొదటి వారానికే సేనాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్ష రద్దు చేయక తప్పలేదు. బయట ఆవామ్ అంత ఉడికిపోతున్నారు. తర్వాత కెప్టెన్ అబ్దుల్ రషీద్‌కి ఏడేళ్ల ఖైద్ వేస్తే, ఫిబ్రవరిలో కలకత్తా గల్లీల్లో హిందూ ముసల్మాన్ కలిసి దిగారు. అప్పటికి పార్టీషన్‌కి ఏడాదిన్నరే ఉంది.

ఆ రోజుల్లో అందరి నోటా ఉన్న 'జై హింద్' మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ ఇచ్చిన మాటే అంటారు. 1943లో నేతాజీ జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయలుదేరినప్పుడు తోడు వెళ్లింది ఈయనే. మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు?

ఇండియన్ ఆర్మీ 2003 చివర్లో ఖిలా ఖాళీ చేసి పురావస్తు శాఖకిచ్చింది. 2007లో వరల్డ్ హెరిటేజ్ జాబితాలో చేరింది. 2019లో బ్యారక్‌లలో మ్యూజియంలు తెరిచారు. ఒకటి నేతాజీది, ఆజాద్ హింద్ ఫౌజ్‌ది. ఇంకొకటి 1857ది. కూల్చినవాడి ఇంట్లో కూలినవాడి కథ చెప్తున్నారన్నమాట! నాకున్న కోరిక ఒక్కటే. ఆ కమాన్ల కింద, లోపలికి అడుగుపెట్టే చోట, ఫెర్గూసన్ చూపించిన ఆ నక్షాని గోడంత పెద్దగా పెట్టాలి. మీరు నిలబడ్డ నేల మీద ఇది ఉండేది అని ఉర్దూలో కూడా రాయాలి.

ఢిల్లీ వెళ్తే సోమవారం పెట్టుకోకండి, ఖిలా బంద్ ఉంటుంది. వెళ్లినరోజు పిల్లల్ని బ్యారక్‌ల ముందు కూడా ఒక ఫొటో తీయండి, మొత్తం ఇమారత్ వచ్చేలా.