లప్పం కింద లోహం

శిథిలమైన వస్తువును పునరుద్ధరించడమూ, దానికి కొత్త రంగు పూయడమూ ఒకే కార్యం కాదు. దూరం నుంచి చూసేవారికి రెండింటి ఫలితమూ ఒకటిగానే తోస్తుంది. రెండు వర్షాకాలాలు గడిచిన తరువాతనే భేదం బయటపడుతుంది. పాత కార్లను ఇంటి కొట్టంలో విడదీసి, శుద్ధిచేసి, తిరిగి కూర్చే వ్యాసంగం గలవారు ఈ సత్యాన్ని ఏదో ఒకనాడు చేతులతో తెలుసుకుంటారు. రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు దానిని తెలుసుకున్న విధం ఇది.

ఆయన తండ్రి న్యాయవాది. 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని ఆ ఇంటి గౌరవచిహ్నం. ఇటలీలో రూపొందిన ఫియట్ 1100ను బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసేది. డెబ్బైల దశకంలో ఆ కారుకు చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు. 1089 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను, స్టీరింగు చక్రం పక్కనే గేరు కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. అందులో మనిషి కంటికీ చేతికీ అందని రహస్యమేదీ లేదు. సొమ్ము చెల్లించినా కారు కోసం సుదీర్ఘకాలం నిరీక్షించవలసిన రోజులవి. కనుక వకీలుగారు ఆ వాహనాన్ని ప్రాణసమంగా చూసుకునేవారు. ఆయన మరణానంతరం అది పెరటి రేకుల కొట్టంలో పద్దెనిమిదేళ్ళు కదలక నిలిచిపోయింది. గోదావరి గాలిలోని తేమ దానిని నిశ్శబ్దంగా భక్షించసాగింది.

ఉద్యోగ విరమణ అయిన నెలలోనే ఉపాధ్యాయుడు ఆ కొట్టం తలుపు తెరిచారు. ఒక నోటు పుస్తకం, చిన్న సంచులు, చీటీలు, ఒక స్పానర్ల పెట్టె సమకూర్చుకున్నారు. విప్పబోయే ప్రతి భాగానికీ ముందుగా ఫొటో తీయడం, విప్పిన ప్రతి బోల్టునూ సంచిలో వేసి సంఖ్య రాయడం నియమంగా పెట్టుకున్నారు. విప్పేనాడు అన్నీ గుర్తుంటాయనే అనిపిస్తుంది. ఏడాది తరువాత కూర్చేనాడు గుర్తుండేది చీటీకి మాత్రమే.

మొదటి పాఠం నట్టులే నేర్పాయి. తుప్పు పట్టిన నట్టును బలంతో తిప్పితే బోల్టు తల తెగిపోతుంది. నూనె వేసి రాత్రంతా వదలాలి. అప్పటికీ లొంగకపోతే వేడిచేసి చల్లార్చాలి. లోహం వ్యాకోచించి సంకోచించేటప్పుడు తుప్పు పట్టు సడలుతుంది. నలభై ఏళ్ళు బెత్తం పట్టిన ఆ చేతికి, బలవంతం వల్ల సాధ్యమయ్యేది విరగడమేనని గ్రహించడానికి మూడు బోల్టులు బలి అయ్యాయి.

ఇంజను విషయంలోనూ ఇదే ఓర్పు అవసరమైంది. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇంజనుకు బ్యాటరీ తగిలించి ఒక్కసారిగా తిప్పడం అవివేకం. సిలిండరు గోడలకు అంటుకుపోయిన పిస్టను రింగులు విరిగే ప్రమాదం ఉంది. ఆయన స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల గుండా నూనె పోసి, ఆరు రోజులు నానబెట్టి, ఏడవనాడు ముందు పుల్లీని పట్టి చేతితో అంగుళమంగుళం తిప్పారు. ట్యాంకు అడుగున జిగురుగా మారిన పాత పెట్రోలును కడిగించారు. బ్రేకు ద్రవానికి తేమను పీల్చుకునే స్వభావం ఉంది కనుక, పైకి నిగనిగలాడుతున్న గొట్టాలను సైతం నమ్మక అన్నింటినీ మార్చారు. ఎలుకలు కొరికిన తీగల స్థానంలో కొత్తవి వేశారు. దొరకని విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్‌లో కొట్టు కొట్టుకూ తిరిగారు.

ఇంజనును మొదటిసారి నడిపించిన నాడు ఒక చిన్న పరాభవం జరిగింది. ఆ ఇంజనులో నిప్పు రాజుకోవలసిన క్రమం ఒకటి, మూడు, నాలుగు, రెండు. గణితోపాధ్యాయుని హస్తవాసి వల్ల కాబోలు, తీగలు ఒకటి, రెండు, మూడు, నాలుగు వరుసలో చేరాయి. ఇంజను పెద్దగా తుమ్మి, నల్లని పొగ ఊది, మౌనం వహించింది. అన్ని భాగాలూ నిర్దోషంగా ఉన్నా, క్రమం తప్పితే ప్రాణం రాదు. తీగలు సరిచేసిన తరువాత అది తడబడుతూ, దగ్గుతూ, చివరికి స్థిరంగా పలికింది. ఆ ధ్వని విని ఆయన భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "మామయ్యగారు కోర్టుకు బయలుదేరినట్లుంది" అన్నారు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు సెలవు రోజులలో వచ్చి సాయపడేవాడు. అతని సంకల్పం వేరు. కొత్తకాలపు శక్తిమంతమైన ఇంజను, వెడల్పాటి చక్రాలు, నేలపైన గేరు కడ్డీ అమర్చి, పద్మిని రూపంలో నవీన వాహనాన్ని నిర్మించాలని అతని కోరిక. ఆ అభిరుచి నిందార్హమేమీ కాదు. లోకంలో ఎందరో నైపుణ్యంతో అటువంటి మార్పులు చేస్తూనే ఉన్నారు. అయితే మన దేశంలో దానికి చట్టబద్ధమైన హద్దు ఉంది. రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు దీనినే ధ్రువీకరించింది. మరోవైపు, 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనలు యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలో నిలిచిన వాహనాలకు వింటేజ్ హోదాను, ప్రత్యేక సంఖ్యాశ్రేణిని కల్పించాయి.

తండ్రీకొడుకులు చాలా రాత్రులు ఈ విషయమై వాదించుకున్నారు. ప్రాణరక్షణకు సంబంధించిన వాటికి తండ్రి అడ్డు చెప్పలేదు. సీటు బెల్టులు, కొత్త ఫ్యూజు పెట్టె, నిప్పునార్పే సిలిండరు వచ్చి చేరాయి. తక్కిన వాటికి మాత్రం ఆయన సమాధానం ఒక్కటే: "నాన్నగారి కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉండాలి. ఒక్క మేకు కూడా మారకూడదు."

"సగం భాగాలు కొత్తవి వేశాక అది తాతయ్య కారెలా అవుతుంది నాన్నా?" అని కుమారుడు అడిగాడు. రథమంటే చక్రమా, ఇరుసా, నొగలా అన్న ప్రాచీన ప్రశ్న ఆ రేకుల కొట్టంలో మరల జన్మించింది. తండ్రి దగ్గర జవాబు లేదు. గేరు కడ్డీ చివర అరచేతి రాపిడికి అరిగిపోయిన గుండును తుడిచి, యథాస్థానంలో బిగించారు.

తరువాత శరీరం వంతు వచ్చింది. కొన్ని పాత కార్లకు అడుగున వేరే చాసిస్ ఉంటుంది. పై డొల్ల చివికినా అది భారాన్ని మోస్తుంది. పద్మిని అటువంటిది కాదు. దాని శరీరమే దాని ఆధారం. కనుక రేకులోని తుప్పు కేవలం సౌందర్యదోషం కాక, ప్రాణదోషమే అవుతుంది. ఈ పనికి ఇంటి విద్య చాలదని గ్రహించి ఒక వృద్ధ టింకరును పిలిపించారు. ఆయన ముందుగా నేల రేకును కత్తిరించి కొత్త రేకు అతికించారు. తరువాత వెనుక ఎడమ మడ్‌గార్డు మీద రంగు పొక్కులు తేలిన చోట వేలితో తట్టి చూశారు. ఇతర భాగాలు ఘంటలా మోగగా, అక్కడ మాత్రం మట్టికుండ వంటి మొద్దు శబ్దం వచ్చింది.

"ఇక్కడ రేకు లేదండి, లప్పమే ఉంది" అన్నారు ఆయన.

గీకుతూ పోగా పై పొర కింద మరొక తెలుపు, దాని అడుగున అసలు రంగు, ఆ తరువాత వేలెడు మందాన లప్పం కనిపించాయి. అది పెళ్ళలుగా ఊడిపోగా, అరచేయి పట్టేంత సొట్ట, దాని నిండా ఎర్రని తుప్పు బయటపడ్డాయి. "ఇది పాత దెబ్బండి. ఎవరో తొందరపడ్డారు. సొట్ట తీయకుండా పైన పూసేశారు. సందులోకి తేమ దిగితే లోపల తుప్పు పెరుగుతుందండి. పెరిగి పెరిగి రంగును పైకి నెడుతుంది" అని టింకరు వివరించారు. నీరూ ప్రాణవాయువూ కలిసి ఇనుమును తుప్పుగా మార్చినప్పుడు, ఆ తుప్పు మూల లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కప్పివేసిన దోషం కప్పునే బద్దలుకొట్టుకుని బయటికి రావడంలోని కారణం అదే.

కుమారుడు నవ్వుతూ అడిగాడు: "తాతయ్య కాలంలో ఎలా ఉందో అలాగే అంటున్నారుగా. ఈ సొట్ట ఉంచమంటారా, తీయించమంటారా?"

ఉపాధ్యాయుడు నవ్వలేదు. చేతిలోని గుడ్డ కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆ సొట్ట చరిత్ర ఆయన ఒక్కరికే తెలుసు. 1981 వేసవిలో, పదిహేడేళ్ళ ప్రాయంలో, తండ్రి నిద్రించిన వేళ ఆయన తాళాలు తీసుకుని కారును వీధిలోకి నడిపారు. తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు గేటు స్తంభానికి తగిలింది. తెల్లవారిన తరువాత అనుమానం కారు తుడిచే కుర్రవాడి మీద పడింది. పద్నాలుగేళ్ళ ఆ బాలుడు తాను చేయలేదని ఎంత చెప్పినా వినక, "అబద్ధమాడేవాడు నా గడప తొక్కడానికి వీల్లేదు" అని వకీలుగారు పంపివేశారు. ఆ మాట పలికిన క్షణంలో అసలు అబద్ధం తలుపు చాటున నిలబడి వింటోంది. నాలుగు రోజులలో బంధువుల వివాహం ఉన్నందున సొట్టను హడావిడిగా లప్పంతో పూడ్పించారు. ఇంట్లో మరల ఆ ప్రస్తావన రాలేదు. తండ్రికి తరువాతనైనా నిజం తెలిసిందా అన్నది ఇక తేలే ప్రశ్న కాదు.

ఆ బాలుని జాడ తెలియకపోవడం అంటూ ఏమీ లేదు. ధవళేశ్వరం దారిలో అతడు పంచరు కొట్టు పెట్టుకున్న సంగతి ఉపాధ్యాయునికి పాతికేళ్ళుగా తెలుసు. ఆ దారిలో సైకిలు గాలి పోయిన రోజులలో సైతం దానిని తోసుకుంటూ మరొక కొట్టుకు వెళ్ళారే తప్ప, అక్కడ ఆగలేదు. ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తానికి అంగాలుగా అనుతాపంతో పాటు ఖ్యాపనాన్ని కూడా చెప్పాయి. ఖ్యాపనమంటే చేసిన తప్పును నోటితో వెల్లడించడం. అనుతాపం ఆయనకు కొరవడలేదు. నలభై ఏళ్ళకు పైగా అది లోపలే ఉంది. సందులోకి దిగిన తేమ వలె లోపలే తన పని తాను చేసింది.

ఆ రాత్రి ఆయన కుమారునికి, భార్యకు విషయం చెప్పారు. మరునాడు ఉదయం ధవళేశ్వరం వెళ్ళారు.

కొట్టు యజమాని ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నారు. ఉపాధ్యాయుడు నిలబడే అంతా చెప్పారు. ఆయన ట్యూబును తిప్పడం ఆపలేదు. రంధ్రం దొరికిన చోట గుర్తు పెట్టి, చేతులు తుడుచుకుని, "నేను చెయ్యలేదని నాకు తెలుసండి. మా అమ్మ కూడా నమ్మలేదు" అన్నారు.

ఉపాధ్యాయుడు జేబులోని కవరు తీయబోగా, వద్దన్నట్లు చేయి అడ్డుపెట్టారు. "డబ్బు లోపల పెట్టండి. మా అబ్బాయి సాయంత్రం డ్యూటీ దిగి వస్తాడు. వాడు చిన్నప్పుడు పక్కవాళ్ళ నోట ఈ సంగతి విన్నాడు. ఇప్పుడు చెప్పిన మాట వాడి ముందు చెప్పండి."

ఉపాధ్యాయుడు సాయంత్రం వరకు అక్కడే బల్ల మీద కూర్చున్నారు. ఆ యువకుడు వచ్చిన తరువాత, ఏ మాటా తగ్గించకుండా, ఏ కారణమూ జోడించకుండా, మొదటి నుంచి చెప్పారు. యువకుడు తండ్రి ముఖం వైపు చూశాడు. "క్షమించాను" అని ఎవరూ అనలేదు. అనమని ఈయన అడగలేదు.

తిరిగి వచ్చి టింకరుతో, "సొట్ట పూర్తిగా తీయండి" అన్నారు. లోపలి వైపు ఇనుప దిమ్మ ఆనించి, వెలుపల సుత్తితో తేలికగా కొడుతూ, సాగిన రేకును అక్కడక్కడ ఎర్రగా కాల్చి తడిగుడ్డతో చల్లార్చి కుదించారు. ఆ ఒక్క అరచేతి వెడల్పుకు రెండు రోజులు పట్టింది. తుప్పంతా పోయి వెండి వన్నె లోహం తేలిన తరువాత రెడ్ ఆక్సైడు పూత, ఆపైన కాగితమంత పలుచని లప్పం, ఆపైన రంగు. "ఎంత చేసినా ఏటవాలు వెలుతురులో కాస్త అల కనబడుద్దండి. దెబ్బ తిన్న రేకు మరి" అన్నారు టింకరు. ఫరవాలేదన్నారు ఉపాధ్యాయుడు.

నాలుగు టైర్లకూ కొత్త ట్యూబులు ధవళేశ్వరం కొట్టులోనే వేయించారు. యజమాని ఒక్క రూపాయి తగ్గించలేదు. ఈయన బేరమాడలేదు. లెక్క ప్రకారం డబ్బు తీసుకుని, మిగిలిన చిల్లర ఎంచి ఇచ్చి, "వెనక ఎడమ చక్రానికి గాలి రెండు రోజులకోసారి చూసుకోండి. కొత్త ట్యూబు కుదురుకోవాలి" అని ఆయన చెప్పారు.

విజయదశమినాడు కారుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. కుమారుడు నడపగా ఉపాధ్యాయుడు పక్కన కూర్చున్నారు. గేటు దగ్గరకు రాగానే అతడు వేగం తగ్గించి, ఎడమ వైపు స్తంభాన్ని చూస్తూ, నెమ్మదిగా వీధిలోకి తిప్పాడు. మూడవనాడు ఉదయం ఉపాధ్యాయుడు వెనుక ఎడమ చక్రం గాలి చూపించడానికి ఒంటరిగా ధవళేశ్వరం బయలుదేరారు.