చిన్నమ్మ వేలిముద్రతో అంతా అయిపోలేదు

మాది జువ్వలదిన్నె దగ్గర యానాది కాలనీ. ఇది మా ఇంటి సంగతి. ఇంకో ఇంట్లో ఇట్టా జరగకూడదని రాస్తున్నా.

మా చిన్నాయన ఒక ఫ్యాక్టరీ ఫైర్ టీములో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు. మంటలు ఆర్పబోయి పోయినేడు చనిపోయాడు. వయసు 35. పెద్దదినం నాడు కాంట్రాక్టర్ మనిషి వచ్చి చిన్నమ్మ చేతిలో 50,000 పెట్టి, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఏం రాసుందో ఎవరమూ అడగలేదు. డిగ్రీ చదివే నేను కూడా అడగలేదు. అదే నన్ను ఇప్పటికీ తింటోంది.

ఆరు నెలలకి ఎవరో చెప్తే నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పోయాం. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా లాయర్ని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

లాయరమ్మ కాగితం చదివి, "ఇది చెల్లదు" అనింది. పనిలో చనిపోతే పరిహారాన్ని అధికారి దగ్గర జమ చేయాలంట. ఇంటికొచ్చి చేతిలో పెట్టి, హక్కు వదులుకున్నామని రాయించుకుంటే హక్కు పోదు. కాంట్రాక్టర్ తప్పించుకుంటే పని చేయించుకున్న అసలు యాజమాన్యాన్నే అడగొచ్చు. 1923 నాటి చట్టంలోని ఈ హక్కులు ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి.

లెక్క కూడా వేసి చూపించింది. చిన్నాయన జీతం 22,000. లెక్కకి తీసుకునేది 15,000 వరకే. అందులో సగం 7,500. దాన్ని 35 ఏళ్ల వయసుకి చట్టంలో ఇచ్చిన 197.06తో గుణిస్తే 14,77,950. మాకు ఇచ్చింది 50,000! జీతం 21,000 లోపుండి ఈఎస్ఐ ఉంటే దారి వేరు. అప్పుడు కుటుంబానికి నెలనెలా పెన్షన్ వస్తుంది.

గడువులు మాత్రం మర్చిపోవద్దు. పరిహారం కేసు రెండేళ్లలోపు వేయాలి. చనిపోయిన వాళ్లు ప్రభుత్వ ఫైర్ స్టేషన్లో పర్మినెంట్ ఉద్యోగి అయితే కుటుంబ పెన్షన్‌తో పాటు కారుణ్య నియామకం అడగొచ్చు. దానికి మన రాష్ట్రంలో ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి.

మేం కేసు వేశాం. ఇంకా తేలలేదు. చట్టం కంటే కాగితాలే మమ్మల్ని ఎక్కువ తిప్పాయి. చిన్నమ్మకి ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. పెళ్లి రిజిస్టర్ కాలేదు. మన కాలనీల్లో ఎన్ని ఇళ్లు ఇట్టా లేవు?

ఏప్రిల్ 14 అంటే మనకి అంబేడ్కర్ జయంతి. 1944లో అదే రోజు బొంబాయి రేవు పేలుళ్లలో చనిపోయిన ఫైర్ సిబ్బందిని కూడా దేశం ఆ రోజే తలుచుకుంటుంది. ఈసారి దండ వేశాక, మన కాలనీలో ఒక్కో ఇంటికి పోయి కాగితాల్లో పేర్లు సరిచూద్దాం. చదువుకున్నోళ్లం మనమే. వేలిముద్ర పడకముందే ఆ కాగితం చదవాల్సింది కూడా మనమే.