కాఫీ బల్ల దగ్గర రాహుకేతువులు

మా వైపు సెమినార్ అంటే ముందు బ్యానర్ కడతారు. ఆ తర్వాత వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలనే పంచాయితీ. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, శాలువాలు, ముఖ్య అతిథిగారి పరిచయం అయ్యేసరికి పదకొండున్నర. అసలు మాట్లాడ్డానికి పిలిపించిన మనిషికి భోజనాల ముందు మిగిలేది పావుగంట. సందేహాలుంటే అడగమంటారు గానీ, అడిగినవాడి వంక హాలంతా తిరిగి చూస్తుంది. చదువుకునే రోజుల్లో ఇలాంటివాటికి చాలానే వెళ్ళాను. సమోసాలు మాత్రం బాగుండేవి.

కాళహస్తి నుంచి వచ్చి కొలంబస్‌లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పడ్డాక ఇంకో రకం చూశాను. ఇక్కడి ఆస్ట్రానమీ విభాగంలో రోజూ పొద్దున కాఫీ ఉంటుంది. పేరుకే కాఫీ. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్‌లో రాత్రి ఎనిమిదికి, అంటే వేసవిలో మా ఊళ్ళో తెల్లవారుజామున ఐదున్నరకి, కొత్త పరిశోధన పత్రాల జాబితా వస్తుంది. పొద్దున వాటిలో కొన్ని తెర మీదికి ఎక్కుతాయి. రాసినవాళ్ళు సాధారణంగా గదిలో ఉండరు కాబట్టి మొహమాటం లేదు. తెర మీద పెట్టినవాళ్ళు మొత్తం చదివి ఉండాలన్న నియమమూ లేదు, సారాంశమూ రెండు బొమ్మలూ చూసి వస్తే చాలు. "ఈ చుక్కలకి ఎర్రర్ బార్లు ఏవి?" అంటుంది మొదటి ఏడాది అమ్మాయి. ఆ అమ్మాయి పుట్టకముందు నుంచీ సూపర్‌నోవాలు చూస్తున్న ప్రొఫెసర్ లేచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి వెతికి, "లేవు" అని వచ్చి కూర్చుంటాడు. దాంతో ఆ పత్రం సంగతి తేలిపోతుంది.

ఈ విభాగం నడిపే అసాసిన్ సర్వే కూడా ఇదే ధోరణి. 14 సెంటీమీటర్ల కెమెరా లెన్సులతో ఆకాశమంతా గాలించి, పేలిపోతున్న నక్షత్రాల్ని పట్టుకుంటుంది. పెద్ద పరికరం లేదు కదా అని నోరు మూసుకుని కూర్చోలేదన్నమాట.

అలాగని ఇక్కడ అందరికీ సమానంగా నోరు పెగులుతుందనుకోకండి. మాటకి మాట అడ్డం వేయగలిగిన వాళ్ళదే రాజ్యం. ఇద్దరి మాటల మధ్య సందు దొరికితే మాట్లాడదామని మనవాళ్ళు మర్యాదగా కాచుకుంటారు. ఆ సందు రాదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని పెంచిన ఇంటి నుంచి వచ్చి, దూరడం నేర్చుకోవడానికి నాకు కాస్మాలజీ నేర్చుకున్నంత కాలం పట్టింది.

చిన్నాపెద్దా చూడని ఈ ధోరణికి మనవైపు మనిషి ఒకరు ఎప్పుడో అలవాటుపడ్డారు. హైదరాబాదులో పెరిగి నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో విద్యార్థి. తను తీసిన ఫొటో ప్లేటులో ఒక తోకచుక్క కనిపించింది. ప్రొఫెసర్ బార్ట్ బాక్, తోటి విద్యార్థి గార్డన్ న్యూకర్క్ ఇందులో చెయ్యి కలిపారు. దాని పేరు బప్పు-బాక్-న్యూకర్క్. గురువుగారి పేరు శిష్యుడి పేరు తర్వాత వచ్చింది! ఆ బప్పే తర్వాత మా చిత్తూరుకి దక్షిణాన, జవ్వాది కొండల్లోని కావలూరులో అబ్జర్వేటరీ కట్టించారు. ఇప్పుడు మా ఊరికి ఇంకా దగ్గరగా, తిరుపతి దారిలో ఏర్పేడు దగ్గర 2015లో పుట్టిన ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. అక్కడి పిల్లలకి లాబ్‌లతో పాటు మైకు లేని గది కూడా ఒకటి ఉండాలని నా కోరిక.

2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం ఒహాయో మీదుగా పోయింది. కొలంబస్ వెంట్రుకవాసిలో తప్పిపోయింది కాబట్టి మేమంతా కార్లేసుకుని వాపకోనెటాకి పోయాం. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఊరు. నాలుగు నిమిషాలకి కాస్త తక్కువగా పట్టపగలు చీకటి. ముందురోజే అమ్మ ఫోను: "అమావాస్య, దానికి తోడు గ్రహణం. బయటికి పోవద్దు నాయనా. ఆడ గుళ్ళు తెరిచి పెడతారా, మూసేస్తారా?" తిరుమలతో సహా చాలా గుళ్ళు తలుపులు వేసే వేళ మా కాళహస్తీశ్వరుడి గుడి తెరిచే ఉంటుంది. ఆవిడ అడగడంలో ఆ గర్వం కూడా ఉంది.

మర్నాడు ఉగాది. అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు వేసి చేసిన పచ్చడి స్టీలు డబ్బాలో పట్టుకుని కాఫీకి వెళ్ళి, మాటల్లో అమ్మ ప్రశ్న చెప్పాను. గుడి ఎందుకు తెరుస్తారన్నారు. రాహుకేతు క్షేత్రం కాబట్టి అన్నాను. రాహువెవరన్నారు. మార్కర్ తీసుకుని సూర్యుడి దారి ఒక గీత, దానికి ఐదు డిగ్రీల వాలులో చంద్రుడి దారి ఇంకో గీత గీశాను. రెండూ ఖండించుకునే చోట్లు రెండు. అవే రాహుకేతువులు. సూర్యచంద్రులు ఆ చోట్లకి దగ్గరగా వచ్చినప్పుడే గ్రహణం. ఆ చోట్లు వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకి చుట్టు తిరుగుతాయి. అందుకే మన పంచాంగంలో రాహువు ఎప్పుడూ వెనకనడకే, రాశికి సుమారు ఏడాదిన్నర.

"వెనక్కే ఎందుకు?" అంది వెనక వరసలోంచి ఒక అమ్మాయి, పచ్చడి చేదుకి మొహం చిట్లిస్తూనే. సూర్యుడి ఆకర్షణ వల్ల అన్నాను. "ఆకర్షణ సరే, ముందుకి ఎందుకు లాగదు?" అన్నాడు ఇంకొకడు. తిరిగే బొంగరంతో పోల్చి చెప్పబోతే, గుర్తు తప్పు వేశావంటూ ప్రొఫెసర్ వచ్చి మార్కర్ లాక్కున్నాడు. ఆయన వేసింది కూడా తప్పేనని మూడో ఏడాది కుర్రాడు లేచాడు. ఆ పూట ఆర్కైవ్ పత్రం ఒక్కటి కూడా తెర మీదికి రాలేదు.