కుళాయి వాషరు మీద చుట్టిన తీగ

తాడేపల్లిగూడెంలో మా ఇంటి రేడియోకి రెండు నాబ్‌లుండేవి. స్టేషన్ మార్చేది నాన్నది. నాన్న నిద్రపోయేటప్పుడు శబ్దం తగ్గించేది అమ్మది. విజయవాడ కేంద్రం కాక ఆ పెట్టెలో ఇంకేం పలుకుతాయో అమ్మకి తెలియనే లేదు.

అరవై దాటాక ఏలూరు పవర్‌పేటలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో, వంటగట్టు మీద నేనే ఒక రిసీవర్ కట్టుకున్నాను. హామ్‌లు మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండ్ కోసం. గాల్లోంచి వచ్చే 7 మెగాహెర్ట్జ్ సంకేతంతో, ఇంచుమించు అదే పౌనఃపున్యాన్ని మనం పుట్టించి కలిపితే రెండింటి తేడా మనిషి గొంతై వినిపిస్తుంది. అంతే సూత్రం. మరి పుట్టించే కాయిల్‌ని దేనిమీద చుట్టాలి? హైదరాబాదు హామ్ అషర్ ఫర్హాన్ తన 'బిట్‌ఎక్స్' సెట్‌లో నైలాన్ కుళాయి వాషరు మీద చుట్టి చూపించారు. చదివి ఎంత సంతోషమేసిందో! వాషర్లు మార్చడం నాకు నలభయ్యేళ్లుగా వచ్చు. సోల్డరింగ్ మాత్రం వేళ్లు కాల్చుకునే నేర్చుకున్నాను.

తీరా పెడితే ఒకటే హోరు. చుట్టూ ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ దీపాలు, ఛార్జర్లు. డాబా మీద ఇరవై మీటర్ల తీగ కట్టిన మర్నాడే అపార్ట్‌మెంట్ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఏంటండీ ఈ హాబీ?" అని మావారిని అడిగాడు. "నాకేం తెలుసు, ఆవిణ్ణి అడగండి" అన్నారీయన. అతను నన్నడగలేదు. తీగ మాత్రం విప్పించాడు.

తీగచుట్టా, బ్యాటరీ సంచిలో వేసుకుని కొల్లేటికోట వైపు వెళ్లాను. చేపల చెరువు గట్టున రెండు తాటిచెట్లకి తీగ కడుతుంటే కాపలా ఉండే ఆవిడ వచ్చి, "కొంగలు వాలకుండానా అమ్మా?" అంది.

అక్కడ హోరు లేదు. గొంతులే. గంటసేపు అన్నీ మగవాళ్లవే. వాళ్ల పరిభాషలో మగవాడు ఎంత కుర్రాడైనా 'ఓల్డ్ మేన్'. ఆడది ఎంత ముసలిదైనా 'యంగ్ లేడీ'. హామ్‌గారి భార్య అయితే 'ఎక్స్ యంగ్ లేడీ', అంటే మాజీ పడుచు! 2004 డిసెంబరు సునామీ నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి, ఫోన్లు తెగిపోయిన దీవుల కబుర్లు రేడియోలో బయటికి అందించిన భారతీ ప్రసాద్ కూడా ఈ లెక్కలో యంగ్ లేడీయే.

పొద్దుగూకే వేళకి ఒక ఆడగొంతు, దానికి బదులుగా మరొకటి. ఏదో యాంటెన్నా గురించి. చివర ఇద్దరూ "థర్టీ త్రీ" అనుకున్నారు. 1939లో అమెరికాలో స్త్రీ హామ్‌లు సంఘం పెట్టుకున్న నాటి నుంచీ ఆడవాళ్లు తమలో తాము చెప్పుకునే అంకె అది. స్నేహంతో కూడిన ప్రేమ అని. నేనూ పైకే అన్నాను. నాది వినడానికే కట్టిన పెట్టె. బదులు పలకాలంటే పరీక్ష రాయాలి, లైసెన్సు రావాలి.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అంది కాపలా ఆవిడ.

"తెలీదు" అన్నాను.

ఇయర్‌ఫోన్ నా చెవిలోంచి తీసి తన చెవిలో పెట్టుకుంది. ఎలా తిప్పాలో నేను చెప్పేలోపే నాబ్ తిప్పేసింది.